దిగొద్దన్నయ్యా

ఆయన్ని అందరూ డౌటయ్య అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనా పలుకుతాడు. కాకపోతే పిలిచినవాడు ఎందుకు పిలిచాడా అని ఓ క్షణం ఆలోచించి మరీ పలుకుతాడు.

మనిషి మంచివాడే, అది ముందే చెప్పెయ్యాలి. కానీ ఆ అనుమానం ఉంది చూశారూ, దాంతో కాపురం చేస్తున్నందుకు ఆయన భార్యకి దణ్ణం పెట్టాలి. పాలసీసా తెస్తే మూత తిప్పి వాసన చూసి, ఆవిడ చేత కూడా చూపించి, అప్పుడు గానీ స్టవ్ మీద పెట్టనివ్వడు. లిఫ్టులో ఎవరైనా నవ్వి పలకరిస్తే ఆ పూటకి అన్నం సయించదు. "ఆ రెండో అంతస్తువాడు ఇవాళ నన్ను చూసి నవ్వాడు. ఎందుకంటావ్?" అంటాడు.

"మూతి ఉంది కాబట్టి నవ్వాడు. మీకూ ఉంది, ఓసారి వాడండి" అంటుందావిడ సూదిలో దారం ఎక్కిస్తూ. ఆవిడ బట్టలు సరిచేసే దుకాణంలో పని చేస్తుంది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం. మిగిలిపోయిన పని ఇంటికి తెచ్చుకుంటుంది, మొగుడి అనుమానాలు వింటూ కుట్టుకుంటుంది. రేడియో ఖర్చు లేదు.

పరాయి దేశంలో ఆయన చేసేది లాండ్రీ వ్యాను నడపడం. హోటళ్ళ వెనక తలుపుల దగ్గర వ్యాను ఆపి, చక్రాల బోనుల్లో కుక్కిన మురికి దుప్పట్లూ తువ్వాళ్ళూ ఎక్కించుకుని లాండ్రీలో దింపి, ఇస్త్రీ అయినవి ఇంకా వెచ్చగా ఉండగానే తిరిగి చేర్చాలి. పొద్దున్నే వ్యాను చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, నాలుగు టైర్లనీ తన్ని, లైట్లన్నీ వేసి చూసుకుంటే గానీ తాళం తిప్పడు. ఇన్నేళ్ళలో చిన్న గీత కూడా పడలేదు. అనుమానం వల్ల ఒరిగిందేమిటని ఎవరైనా అడిగితే చూపించుకోవడానికి ఆయనకి ఇదొక్కటి ఉంది.

రెండోది కూడా ఉంది లెండి. పోలీసు పాఠం.

వాళ్ళు ఉండే అపార్టుమెంటు కింద కార్లు పెట్టుకునే సెల్లారు ఉంది. సెలవురోజున డౌటయ్య అక్కడ బడి పెడతాడు. మనవాళ్ళలో ఎవరు కొత్తగా కారు కొన్నా, ఎవరికి కొత్తగా లైసెన్సు వచ్చినా అక్కడ హాజరు వేయించుకోవాల్సిందే. వాళ్ళని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను పోలీసై, బొజ్జ మీద చేతులు పెట్టుకుని వెనకనుంచి నడిచొస్తాడు. నవ్వు ఆపుకోవడం కష్టం. ఆపుకోకపోతే మళ్ళీ మొదటినుంచీ.

"లైటు కనపడగానే మెల్లిగా పక్కకి తియ్. ఇంజను కట్టెయ్. అద్దం దించు. రెండు చేతులూ స్టీరింగ్ మీద, వాడికి కనపడేట్టు. కాగితాలు అడిగితే ముందు నోటితో చెప్పు, 'సంచిలో ఉన్నాయి, తియ్యనా?' అని. సరే అన్నాకే తియ్. నీ ఒళ్ళో ఏముందో నీకు తెలుసు. వాడికేం తెలుసు? వాడికి అన్నీ అనుమానమే."

"నీలాగా బాబాయ్" అందోసారి ఓ ఆఫీసు అమ్మాయి. అంటూనే తుమ్మొచ్చి రుమాలు కోసం ఒళ్ళోని సంచిలో చెయ్యి పెట్టింది.

"చచ్చావ్!" అని అరిచాడు డౌటయ్య. సెల్లారు మారుమోగింది.

"తుమ్మడానికి కూడా పర్మిషనా?"

"అడుగు. పోయేదేముంది, నోరే కదా. ఇంకోటి, ఇది మాత్రం చచ్చినా మర్చిపోకు. వాడు దిగమనేదాకా కారు దిగకు."

ఈ ఆఖరి ముక్క దగ్గర ఆయన గొంతు మారేది. దానికో కారణం ఉంది, అది ఎవరికీ చెప్పలేదు.

ఆయన బండి నేర్చుకున్నది మన దేశంలో, లారీ మీద. పొడుగ్గా, గంభీరంగా ఉండే అన్నయ్య నడిపే లారీకి తను క్లీనరు. తండ్రి పోయాక పెంచిందీ, అన్నం పెట్టిందీ, గేరు మార్చడం నేర్పిందీ ఆ అన్నయ్యే. అక్కడి రోడ్డు పద్ధతి వేరు. చెక్‌పోస్టు దగ్గర ఆఫీసరు జీపులో కూర్చుని ఉంటాడు. లారీ పక్కకి తీసి, కిందకి దిగి, కాగితాల కవరు పట్టుకుని డ్రైవరే ఆయన దగ్గరికి నడిచెళ్ళాలి. నాలుగడుగుల దూరంలో నిలబడి నమస్కారం పెట్టాలి. దిగడం మర్యాద. సీట్లో కూర్చుని ఉంటే పొగరు, ఆ పొగరు దించడానికి వాళ్ళకి నానా దార్లూ ఉంటాయి. లారీ తోలినవాళ్ళందరికీ అది రక్తంలో ఇంకిపోతుంది. సైరన్ వినపడితే చెయ్యి దానంతటదే తలుపు మీదకి పోతుంది.

ఈ దేశం వచ్చిన కొత్తలో డౌటయ్యని పోలీసులు ఆపారు. ఆయన పద్ధతిగా దిగాడు. చంకలో కాగితాలు పెట్టుకుని, నవ్వు మొహంతో వాళ్ళ కారు వైపు నడిచాడు. మర్యాద చేస్తున్నాననుకున్నాడు పాపం. తర్వాత తడిరోడ్డు మీద మోకాళ్ళ మీద ఉన్నాడు, చేతులు తల వెనక ఉన్నాయి, ఎవరో అరుస్తున్నారు. వదిలేశారు, తప్పేమీ లేదు కదా. ఇంటికెళ్ళి ప్యాంటు తడిసిందేమిటంటే వాన అన్నాడు. అప్పటినుంచి లోకంలో దేన్ని నమ్మినా నమ్మకపోయినా ఆ పాఠాన్ని మాత్రం నమ్మాడు.

పాఠానికి రెండో భాగం ఈ మధ్యే చేరింది. ఆవిడ పనిచేసే దుకాణం దర్జీని ఎవరో ఇద్దరు మామూలు బట్టల్లో, మామూలు కార్లో వచ్చి, లోపల ఓ నీలం లైటు తిప్పుతూ ఆపారు. పోలీసులమన్నారు. దొంగనోట్లు తిరుగుతున్నాయి, పర్సు చూపించమన్నారు. పాస్‌పోర్టు కూడా ఇవ్వమన్నారు. దర్జీ ఇచ్చాడు. వాళ్ళు అటు చూసి ఇటు చూసి కారెక్కి వెళ్ళిపోయారు, పర్సూ పాస్‌పోర్టూ వాళ్ళతోనే వెళ్ళిపోయాయి.

"చూశావా! చూశావా!" అని డౌటయ్య ఇల్లంతా తిరిగాడు. దర్జీ మీద జాలి లేకపోలేదు, కానీ తను నెగ్గిన సంబరం దాగితే కదా. ఆ వారం పాఠం రెట్టింపయింది. "రంగుల్లేని కారు, యూనిఫాం లేని మనిషీ ఆపితే అక్కడికక్కడ ఆగకు. అలాగని పారిపోకు. నాలుగు ఇండికేటర్లూ వేసి, చెయ్యూపి, చూశానని వాడికి తెలియనిచ్చి, మెల్లిగా పదిమంది ఉన్న చోటికి పోనీ. ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి, వీళ్ళు మీవాళ్ళేనా అని అడుగు. కార్డు చూపించమను. పర్సు చేతికివ్వకు. వాళ్ళ కార్లో ఎక్కకు."

సరిగ్గా ఆ రోజుల్లోనే అన్నయ్య మన దేశం నుంచి తమ్ముణ్ణి చూడ్డానికొచ్చాడు.

ఇద్దరూ ఒక తల్లి బిడ్డలేనా అని అనుమానం రావాలి ఎవరికైనా. అన్నయ్యకి లోకంలో పరాయివాడంటూ లేడు. భాష రాదు, అయినా లిఫ్టులో అందరినీ పలకరించేవాడు, తెలుగులోనే. వాళ్ళు వాళ్ళ భాషలో జవాబిచ్చేవారు. ఇద్దరికీ హాయిగా ఉండేది. వారం తిరక్కుండా ఆ నవ్వే రెండో అంతస్తువాడు ఇంటికొచ్చి పెద్దాయనకని ఓ పూలకుండీ ఇచ్చి వెళ్ళాడు. డౌటయ్య దాన్ని బాల్కనీలో పెట్టే ముందు మట్టి కెలికి చూశాడు.

"ఏం దొరికిందిరా? బాంబా?" అన్నాడు అన్నయ్య.

ఓ సెలవురోజు సెల్లారులోకి వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని పాఠం మొత్తం చూశాడు. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఒరే, ఆఫీసరు దగ్గరికొస్తుంటే మహారాజులా సీట్లో కూర్చుంటారట్రా! మా రోజుల్లో అలా కూర్చుంటే చెంప పగిలేది. దిగి ఓ నమస్కారం పడేస్తే ఎంత కోపిష్టివాడైనా కరిగిపోడూ?"

"ఇక్కడ అలా కాదన్నయ్యా" అన్నాడు డౌటయ్య. అంతే అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య గొంతు తగ్గించి, "ఏవండీ, బావగారికి కూడా ఓసారి కూర్చోబెట్టి చెప్పండి. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్తారు" అంది.

"అన్నయ్యకా! స్టీరింగ్ పట్టుకోవడం నాకు నేర్పినాయనకి నేను పాఠం చెప్పనా? బాగుంటుందా అసలు? అయినా ఆయన ఇక్కడ బండి నడుపుతాడా ఏమన్నానా."

అలా ఊరందరినీ అనుమానించిన మనిషి అన్నయ్యని మాత్రం అనుమానించలేదు. అనుమానించి ఉంటే ఈ కథే లేదు.

అన్నయ్యకి ఇక్కడే కొత్త కళ్ళజోడు చేయించారు. అది తెచ్చుకోవడానికి ఓ మధ్యాహ్నం ఇద్దరూ డౌటయ్య సొంత కార్లో బయల్దేరారు. తమ్ముడిచ్చిన మందపాటి కోటు వేసుకుని, కొత్త జోడు పెట్టుకుని, వచ్చేటప్పుడు అన్నయ్య దారిపొడుగునా బోర్డులు చదువుతూ కూర్చున్నాడు. అర్థం కాకపోయినా అక్షరాలు కనపడుతున్నందుకే పొంగిపోతున్నాడు. డౌటయ్య మాత్రం అద్దంలో చూస్తున్నాడు. వెనక బూడిదరంగు కారు. కూడలి దగ్గర కుడికి తిరిగితే అదీ కుడికే తిరిగింది. తను మెల్లిగా వెళ్తే అదీ మెల్లిగానే వస్తోంది.

"అన్నయ్యా, వెనక చూడకు."

అన్నయ్య వెంటనే వెనక్కి తిరిగి చూశాడు. "ఏదీ? ఆ బూడిదరంగుదా? పాపం ఎవరో పన్లోంచి ఇంటికెళ్తున్నారు."

ఆ మాట నోట్లో ఉండగానే ఆ కారు అద్దం వెనక నీలం లైటు తిరగడం మొదలెట్టింది. ఓసారి సైరన్ కూడా మూలిగింది. కారు మీద రంగుల్లేవు, పేరు లేదు, ముందు సీట్లో ఇద్దరు. అచ్చం దర్జీ చెప్పినట్టే ఉంది. రోడ్డుకి ఓ పక్క గోడౌన్ల గోడ, రెండో పక్క ఖాళీ స్థలం, నరమానవుడు లేడు. ఇక్కడ ఆపితే అయిపోయినట్టే అనుకున్నాడు. అన్నయ్య పాస్‌పోర్టు కోటు లోపలి జేబులోనే ఉంది. అది పోతే ఈయన్ని తిరిగి ఇంటికి పంపడం ఎలా?

పాఠం చెప్పినట్టే చేశాడు. పొల్లు పోకుండా చేశాడు. నాలుగు ఇండికేటర్లూ వేశాడు, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు, వేగం తగ్గించి పెట్రోలుబంకు వైపు పోనిచ్చాడు. డ్యాష్‌బోర్డు మీది ఫోన్లో ఎమర్జెన్సీకి కలిపాడు.

"ఆపరా!" అన్నాడు అన్నయ్య. "పోలీసులురా వాళ్ళు. లైటేసి పిలుస్తుంటే పోతావేంట్రా, కొమ్ములొచ్చాయా?"

"పోలీసులో కాదో తెలియాలిగా."

"నీకెవడూ పోలీసు కాదు, ఎవడూ మనిషి కాదు. ఆ పాలసీసాకి కూడా నీ దగ్గర పరువు లేదు. అవతలాళ్ళకి కోపం రాదూ? ఇన్నేళ్ళు రోడ్డు మీద బతికాను, ఒక్కడితో మాట పడలేదు. ఎందుకనుకున్నావ్? మర్యాద!"

ఫోన్లో ఒకావిడ కారు నంబరు అడిగింది, ఎక్కడున్నారో అడిగింది, లైన్లో ఉండమంది. వెనక సైరన్ మళ్ళీ మోగింది, ఈసారి పొడుగ్గా. డౌటయ్య మళ్ళీ అద్దంలోకి చూశాడు. నిజం పోలీసులైతే మండిపోతుంటారు. దొంగలైతే పదిమందిలోకి రారు. వస్తున్నారు. అంటే దొంగలు కాదా? లేక అంత తెగించిన దొంగలా? బంకు కనపడింది. జనం ఉన్నారు, బళ్ళు ఉన్నాయి. ఓ పక్కగా ఆపి, ఇంజను కట్టేసి, అద్దాలు దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు.

అప్పుడే ఫోన్లో ఆవిడ, "వాళ్ళు మావాళ్ళే. మీరు ఆగి సహకరించండి" అంది.

హమ్మయ్య అనుకున్నాడు. నిజంగా ఒళ్ళు తేలికైంది. కళ్ళు మూసుకుని ఓ పెద్ద ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి వదిలినంతసేపే, అంతకంటే లేదు, పక్కన తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

అన్నయ్య దిగాడు.

తమ్ముడు చేసిన అమర్యాదని తను సర్దుదామని దిగాడు. దిగి, కోటు సవరించుకుని, నవ్వు మొహంతో నమస్కారం పెట్టి, వాళ్ళ కారు వైపు రెండడుగులు వేశాడు. అటునుంచి ఇద్దరు దిగారు. ఒకడు కుర్రపోలీసు, ఒకావిడ. ఇంతదూరం ఆగకుండా వచ్చిన కార్లోంచి ఓ పొడుగాటి మనిషి దిగి తమ మీదకి నడిచొస్తున్నాడు. వాళ్ళకి కనపడింది అది. అన్నయ్య కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు.

కుర్రపోలీసు చేతిలోకి తుపాకీ వచ్చింది. "చేతులు! చేతులు చూపించు!" అని వాళ్ళ భాషలో అరిచాడు.

డౌటయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. అద్దంలో అంతా కనపడుతోంది. దూకి అన్నయ్యని లాగెయ్యాలనిపించింది. చేతులు స్టీరింగ్ మీంచి తీస్తే, తలుపు తెరిస్తే, అక్కడ ఇంకో మనిషి ఎక్కువవుతాడు. ఆ కుర్రాడి వేలు ఆగదు. ఆ సంగతి ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? చేతులు కదపలేదు. ముందు పోలీసుకి వినపడేలా వాళ్ళ భాషలో అరిచాడు: "మా అన్నయ్య! మీ భాష రాదు! మా భాషలో నేను చెప్తాను!" తర్వాత అన్నయ్యకి: "అన్నయ్యా, కదలకు! ఉన్నవాడివి ఉన్నట్టు ఆగు!"

అన్నయ్య మెడ తిప్పి నవ్వాడు. చెయ్యి ఇంకా జేబులోనే ఉంది. "ఉండరా కంగారు. నా లైసెన్సు చూపిస్తున్నా. నేనూ డ్రైవర్నేనని తెలిస్తే..."

"చేతులు!" కుర్రపోలీసు గొంతు చీలిపోయింది.

"చంపేస్తాడు!" అని డౌటయ్య కేకపెట్టాడు. ఏడుపో అరుపో తెలియని కేక అది, పుట్టినప్పటినుంచీ ఆయన గొంతులోంచి అలాంటిది రాలేదు. "నిన్ను చంపేస్తాడన్నయ్యా! ఏమీ తియ్యకు! ఖాళీ చెయ్యి మెల్లిగా బయటికి తియ్! తియ్ అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

అప్పుడు చూశాడు అన్నయ్య. కొత్త కళ్ళజోడులోంచి మొదటిసారిగా ఆ తుపాకీని స్పష్టంగా చూశాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యాలని కూడా తోచలేదు. చెయ్యి మెల్లిగా బయటికొచ్చింది. ఖాళీగా వచ్చింది. వేళ్ళన్నీ విడిగా పెట్టి పైకెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చోమన్నారు. తమ్ముడు ఆ మాట మన భాషలోకి మార్చి అన్నయ్యకి చెప్పాడు. నొప్పుల మోకాళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి, నూనె మరకల మీద ఆనించాడు. పెట్రోలు పోయించుకుంటున్నవాళ్ళు ఫోన్లు పైకెత్తి చూస్తున్నారు.

పోలీసావిడ కోటు తడిమింది. పాస్‌పోర్టు, ఓ పాత లైసెన్సు దొరికాయి. ప్లాస్టిక్ కవరు పసుపుపచ్చగా మారిపోయిన లైసెన్సు అది. అటూ ఇటూ తిప్పి చూసి, దాన్నే ముందు తిరిగి ఇచ్చింది. ఓ చెయ్యిచ్చి ఆయన్ని లేపింది. తర్వాత డౌటయ్య కిటికీ దగ్గరికొచ్చి తన కార్డు చూపించి, వెనక ఒకవైపు బ్రేకు లైటు వెలగడం లేదని చెప్పింది. ఇంతకీ అందుకు ఆపారు. ఫోన్ చేసి, జనం ఉన్నచోట ఆపడం మంచిపనే అని కూడా అంది. ఆ మెచ్చుకోలు ఆయనకి ఎక్కడో దూరంగా వినపడింది.

ఆయన చూస్తున్నది ఆ కుర్రపోలీసుని. తుపాకీ ఒరలో పెట్టేసి, అటు తిరిగి నిలబడి, అరచేయి ప్యాంటుకి మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు. వాడికేం తెలుసు, వాడికి అన్నీ అనుమానమే అని ఎన్నిసార్లు నవ్విస్తూ చెప్పాడు పిల్లలకి! ఎప్పుడూ ఆ అనుమానం తన ఒంట్లోంచే లోకాన్ని చూసేది. ఇవాళ తుపాకీ వెనక నిలబడి అన్నయ్యని చూసింది. నమస్కారం పెట్టిన మనిషిలో, కాగితం తియ్యబోయిన చేతిలో దానికి కనపడింది చావు. వాణ్ని తిట్టుకుందామనుకున్నాడు, నోరు రాలేదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. అన్నయ్య వచ్చి కారులో కూర్చున్నాడు. మోకాళ్ళ దగ్గర ప్యాంటు నల్లగా అంటుకుపోయింది.

"నాకు ముందే చెప్పి ఉండాల్సింది రా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నాడు. అదే భరించలేకపోయాడు డౌటయ్య.

"నీకు నేనేం చెప్తాననుకున్నానన్నయ్యా" అన్నాడు. అనగానే ఏడుపొచ్చేసింది. ఆ పెట్రోలుబంకులో అందరూ చూస్తుండగా, ఇంత మనిషీ స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అన్నయ్య తమ్ముడి వీపు నిమరలేదు. ఎప్పుడు దెబ్బ తగిలినా, ఎప్పుడు బండి గీకినా వీపు మీదకొచ్చే చెయ్యి ఈసారి రాలేదు. ఎందుకు రాలేదా అని తలెత్తి చూశాడు.

అన్నయ్య రెండు చేతులూ ముందున్న డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని ఉన్నాడు. వేళ్ళన్నీ విడివిడిగా, బయటికి కనపడేలా.

"అన్నయ్యా, చేతులు దించు. వాళ్ళు వెళ్ళిపోయారు."

"ఫర్వాలేదు. నువ్వు పోనీ."

కారు రోడ్డెక్కింది. అన్నయ్య ఇప్పుడు బోర్డులు చదవడం లేదు. పక్క అద్దంలోకి చూస్తున్నాడు. కూడలి దగ్గర ఆగినప్పుడు పక్క కార్లోంచి ఓ ముసలావిడ ఆయన్ని చూసి నవ్వింది. ఆయన చటుక్కున కళ్ళు దించుకున్నాడు.

"వెనక ఆ తెల్లకారు ఇందాకట్నుంచీ వస్తోందిరా. మనకోసమేనంటావా?"

డౌటయ్య అద్దంలోకి చూడనైనా చూడలేదు. "కాదన్నయ్యా. ఎవరో పన్లోంచి ఇంటికెళ్తున్నారు" అన్నాడు.

అన్నయ్య నమ్మలేదు. ఇల్లు చేరేదాకా చేతులు దించలేదు.